వెనకనుంచి వచ్చే పిలుపు

సీరియల్ – పదకొండో భాగం

నవసారి మైదానంలో నలుగురు పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేక నిలబడ్డ దగ్గర కథ ఆగింది. అది అరవై దాటినవాళ్ళ రిలే పందెం. మొదటి వంతు మల్లికార్జునరావుది. ఆయన బ్యాటన్ తెచ్చి రెండో వంతు సోమలింగం చేతిలో పెట్టాలి. వెనకనుంచి వస్తూ "చెయ్యి! చెయ్యి!" అని గొంతు చించుకున్నాడు. సోమలింగం చెయ్యి వెనక్కి రాలేదు. పిలుపు కోసం చూస్తూ చూస్తూనే హద్దు గీత దాటేశాడు. జట్టుని పందెంలోంచి తీసేశారు.

సూరత్‌లోని ఉధ్నాకు తిరిగొచ్చే రైల్లో రావు కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చున్నాడు. గూడ్సు గార్డుగా చేసి రిటైరైన మనిషి. అలవాటు కొద్దీ స్టేషన్లో ముందు తాను దిగి, మిగతావాళ్ళంతా దిగారో లేదో చూసుకుని, అప్పుడు సోమలింగంతో ఒక్క మాట అన్నాడు.

"బుధవారం పొద్దున గ్రౌండుకి రా. సూరత్ మీట్‌కి పేర్లు ఆ రోజే ఇవ్వాలి."

ఆ బుధవారం తెల్లారింది.

బమ్రోలిలో సోమలింగం రెండు గదుల ఇంట్లో స్వరాజ్యం, దారాలు కత్తిరించాల్సిన చీరల మూటని కాలితో పక్కకు జరిపి భర్త ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమె ఎప్పుడూ అంతే. వెనకనుంచి పిలవదు. పక్కనుంచి మాట్లాడదు. ఎదురుగా వచ్చి, మొహానికి మొహం పెట్టి, అప్పుడు నోరు తెరుస్తుంది.

"ఇయ్యాల సారుకు చెప్పెయ్."

"ఏం చెప్పాలె?" అన్నాడు సోమలింగం, బూటు లేసు ముడేస్తూ.

"నాకు ఇనవడది సారూ అని చెప్పాలె. ఇంకేం చెప్తవ్? నా పెండ్లాం మంచిగ వండుతదని చెప్తవా?"

"గది చెప్తే అబద్ధమైతది."

"నవ్వులాటలు వద్దు. ఆయనేమనుకుంటున్నడు? పిలిస్తే పలుకలేదు, గీనికి పొగరు అనుకుంటున్నడు. చెవులు పోయినయంటే పోయే పరువేంది?"

"పరువు కాదే." రెండో బూటు కూడా బిగించాడు. "చెప్తే నన్ను బెంచీ మీద కూసోబెడ్తరు. ముచ్చట మన పోరడు రాఘవ దాక పోతది. చెవిటోడు రోడ్ల మీద ఉరుకుడేందని వాడు బూట్లు దాచిపెడ్తడు. నీకు తెల్వదా వాని సంగతి?"

స్వరాజ్యం చీరల మూటని మళ్ళీ ముందుకు లాక్కుంది. ఆమెకు తెలుసు.

సిరిసిల్ల నుంచి మీసాలు రాని వయసులో వచ్చి సాంచాల, అంటే మరమగ్గాల, షెడ్డులో నిలబడ్డవాడు సోమలింగం. మగ్గాల మోతలో చెవులు ఒక్కరోజులో పోలేదు. ముందు పిట్టల కూత పోయింది. తర్వాత సైకిలు గంట పోయింది. ఆ తర్వాత మనుషుల మాటలు అంచులు తెగిపోయి, ముద్దలు ముద్దలుగా మిగిలాయి. షెడ్డులో మాత్రం దానితో ఇబ్బంది లేదు. అక్కడ గొంతుతో ఎవరూ మాట్లాడరు. నాలుగు సాంచాల అవతల నిలబడి పెదవులు కదిపితే చాలు, ఇవతలివాడికి మాట అందుతుంది. తెలుగు, హిందీ, ఒడియా, ఏ భాష పెదవులనైనా సోమలింగం చదవగలడు. బమ్రోలి సందుల్లోనూ ఇబ్బంది లేదు. ఇంటికొక షెడ్డు మనిషి ఉన్నచోట అందరూ అరిచే మాట్లాడుకుంటారు. అక్కడ చెవుడు ఎవరి కంట్లోనూ పడదు.

పడాల్సిన కంట్లో కూడా పడలేదు. కొడుకు రాఘవ మార్కెట్‌లో పార్సిల్ ఆఫీసు పని ముగించుకుని వచ్చి గుమ్మంలోంచి "బాపూ" అని పిలిచేవాడు. గోడ వైపు తిరిగి కూర్చున్న తండ్రి పలికేవాడు కాదు. నాలుగుసార్లు చూశాడు, పదిసార్లు చూశాడు. తర్వాత పిలవడం మానేశాడు. "మా బాపు మొండి మనిషి" అని స్నేహితులతో అనేవాడు. ఆ మాటను సోమలింగం వీధి చివరనుంచి కొడుకు పెదవుల మీద చదివాడు. చదివి ఊరుకున్నాడు.

ఉధ్నా రైల్వే మైదానంలో ముగ్గురున్నారు. రావు ఉన్నాడు. మూడో వంతు పరిగెత్తే అంబదాస్ ఉన్నాడు. షెడ్డు పని మానేసి టీ బండి పెట్టుకున్నవాడు, సోమలింగానికి వరసకు బావమరిది. నాలుగో వంతు లింగమూర్తి కోసాడ్‌లో కూతురింటికి వెళ్ళాడు, మీట్ నాటికి వస్తాడు. మూడో మనిషి మాత్రం కొత్తవాడు. తెల్ల బూట్లు, తెల్ల టోపీ. భానుప్రకాశ్. బ్యాంకు మేనేజరుగా మొన్ననే రిటైరయ్యాడు. అరవై నిండి నెల కూడా కాలేదు. ఆ పిక్కలు చూడగానే అతన్ని తన చోటులోకే తెచ్చారని సోమలింగానికి అర్థమైపోయింది.

"రావయ్యా," అన్నాడు రావు. ఆ తర్వాత చాలా అన్నాడు.

కష్టమంతా అక్కడే. రావుది గుబురు మీసం. పై పెదవిని పూర్తిగా మింగేసి, కింది పెదవి మీదికి వాలుతుంది. షెడ్డులో అలాంటి మీసం పెంచినవాణ్ణి పట్టుకుని "నీ నోటికి పరదా కట్టినవేందిరా" అని ఏడిపించేవాళ్ళు. రావు మాటల్లో సోమలింగానికి అందేది సగమే. మిగతా సగం కళ్ళను బట్టి, చేతుల్ని బట్టి పోల్చుకునేవాడు. ఇవాళ "నవసారి" అన్నది అందింది. "నలుగురిలో నవ్వులపాలు" అన్నది అందింది. "ఎందుకు" అన్నది మాత్రం మళ్ళీ మళ్ళీ వచ్చింది.

"తప్పైంది సారూ," అన్నాడు సోమలింగం.

"తప్పు కాదయ్యా నేనడిగేది. కారణం."

అంతలో పట్టాల మీద గూడ్సు బండి వచ్చింది. గూడ్సు కనిపిస్తే రావు ఊరుకోలేడు. ఎవరితో ఏం మాట్లాడుతున్నా సరే, అటు తిరిగి చివరి డబ్బా దాటేదాకా చూడాల్సిందే. అలా తిరిగాడు. తిరిగినవాడు మాట ఆపలేదు. సోమలింగానికి ఆయన వీపు కనిపిస్తోంది. భుజాలు లేస్తున్నాయి, పడుతున్నాయి. కుడి చెయ్యి గాలిలో ఒక అడ్డగీత గీసింది. భానుప్రకాశ్ తల దించుకుని తన బూట్ల వంక చూసుకున్నాడు. ఏదో పెద్ద మాటే అయి ఉండాలి. ఏ మాటో సోమలింగానికి తెలియలేదు. తెలియనప్పుడు చేసే పనే చేశాడు. మెల్లగా తలూపాడు.

మైదానం అవతలి గట్టు దగ్గర ఒళ్ళు విరుచుకుంటున్న అంబదాస్ రావు అరుపులు విన్నాడు, సోమలింగం తలూపడం చూశాడు. చూసి, గొంతు ఎత్తకుండా పెదవులు కదిపాడు.

'బావా, సారు నీ పేరు తీసేస్తున్నడు. ఏమన్న చెప్పుకునేదుందా అంటే నువ్వు తల ఊపుతున్నవేంది? చెప్పు. నువ్వు చెప్పకుంటే నేనే చెప్త.'

సోమలింగానికి ఒళ్ళు మండింది. షెడ్డు మనిషి కోపంలో ఎంత గొంతు వాడుతున్నాడో వాడికే తెలియదు.

"చెప్తే కాళ్ళిరగ్గొడ్త అంబదాసూ! నా చెవుల ముచ్చట నీకెందుకురా!"

గట్టు మీద పావురాలు లేచిపోయాయి. చివరి డబ్బా దాటకముందే రావు ఇటు తిరిగాడు. అలా తిరగడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"ఎవర్నయ్యా అంటున్నావు?"

"అంబదాసును సారూ. వాడు మధ్యల మాట్లాడుతున్నడు."

"అంబదాసు ఎప్పుడు మాట్లాడాడు?"

భానుప్రకాశ్ నెమ్మదిగా అన్నాడు. "ఆయన గొంతులోంచి మాట రాలేదండీ రావు గారూ. ఊరికే నోరు కదిపారు. నేను చూస్తూనే ఉన్నాను."

సోమలింగం నాలుక కరుచుకున్నాడు. దొరికిపోయాడు. ఇన్నేళ్ళు దాచింది అంబదాస్ మీద కోపంతో తన నోటితోనే బయట పెట్టుకున్నాడు.

రావు దగ్గరికి వచ్చి, సోమలింగం పక్కనుంచి వెనక్కి వెళ్ళాడు. సోమలింగం కదల్లేదు. ఎదురుగా ఉన్న భానుప్రకాశ్ కళ్ళు పెద్దవయ్యాయి. ఆ తర్వాత నవ్వాపుకున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి రావు చుట్టూ తిరిగి ముందుకు వచ్చాడు. ఆయన మొహంలో కోపం లేదు. కోపం ఉన్నచోట మరేదో ఉంది.

"ఇప్పుడు నిన్ను ఎన్నిసార్లు పిలిచానో తెలుసా?"

"తెల్వది సారూ."

"పిలిచాను, అరిచాను. ఆఖరికి తిట్టాను కూడా."

"ఏమని తిట్టిన్రు?"

"అది ఎదురుగా అనలేనులే."

అంబదాస్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. వస్తూనే, "నేను చెప్పలే బావా, నువ్వే చెప్పినవ్" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

"నవసారిలో వినపడలేదు," అన్నాడు రావు, ఇప్పుడు ఒక్కో మాటా విడదీసి. "పొగరు కాదు."

"పొగరెందుకుంటది సారూ నాకు?"

"మరి నాలుగు నెలల్నుంచి ప్రాక్టీసులో ఎలా అందుకున్నావయ్యా?"

"మట్టి నేల గద. మీ బూట్ల దెబ్బ నా అరికాళ్ళకు తెలుస్తుండె. అక్కడ రబ్బరు ట్రాక్. ఏం తెలువలే."

రావు గడ్డి మీద కూర్చున్నాడు. మిగతావాళ్ళూ కూర్చున్నారు. సోమలింగం అందరి మొహాలూ కనిపించేలా కాస్త ఎడంగా కూర్చున్నాడు. అలా ఎందుకు కూర్చుంటాడో ఆ రోజు రావుకి అర్థమైంది.

"రోడ్డు మీద లారీ వెనకనుంచి వస్తే?" అన్నాడు గద్దిస్తూ.

"బండ్లకు ఎదురుంగ ఉరుకుత సారూ. వచ్చేటిది కండ్లకు కనవడాలె గద."

భానుప్రకాశ్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "తప్పుగా అనుకోకండి సోమలింగం గారూ. ఇంత దాచుకుని, ఇంత భయపడుతూ, ఈ వయసులో పరిగెత్తడం దేనికండీ? పొద్దున్నే నాలుగు రౌండ్లు నడిస్తే ఆరోగ్యానికి సరిపోదూ?"

సోమలింగం మాటలు వెతుక్కున్నాడు. అతను ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

"పని బందు చేసినంక చెవులు సల్లవడ్తయనుకున్న సారూ. సల్లవడలే. లోపట ఒక సాంచా నడుస్తనే ఉంటది. తింటుంటే నడుస్తది, పంటే నడుస్తది. ఇనవడాల్సింది ఇనవడది, వద్దన్నది ఆగది. ఉరుకుతుంటే మాత్రం, జర దూరం పోయినంక, నా ఊపిరి నాకు ఇనవడ్తది. గుండె ఇనవడ్తది. అప్పుడు గా సాంచా బందైతది. గందుకే ఉరుకుత."

"సరే, పరుగు అర్థమైంది," అన్నాడు రావు. "పందెం దేనికి? ఒక్కడివే పరిగెత్తుకోవచ్చుగా."

"షెడ్డుల నలభై ఏండ్లు పక్కపక్కన నిలబడ్డం సారూ. ఎవని సాంచా వానిది. ఒకని చేతిలది ఒకడు అందుకున్నది లేదు. గీడ నాకోసం ఒకడు ఉరికొస్తడు. నేను ఇంకొకని కోసం ఉరుకుత. చిన్న కట్టెనే. కానీ చేతిల పడితే ఎట్లుంటదో మీకు తెల్వదా?"

రావు గడ్డిపరక ఒకటి పీకి వేలికి చుట్టుకున్నాడు.

"మా ఇంట్లో అందరూ నాకు అన్నీ అందిస్తారయ్యా. నీళ్ళు అందిస్తారు, మాత్రలు అందిస్తారు, పేపరు అందిస్తారు. నా చేతిలోంచి అందుకునేవాడు ఒక్కడూ లేడు. ఇక్కడ నువ్వొక్కడివి ఉన్నావనుకున్నాను. నవసారిలో నువ్వూ చెయ్యి చాపకపోయేసరికి..." మాట మింగి, మీసం దువ్వుకున్నాడు. "సరే. అయినా జాలిపడి జట్టులో ఉంచుకోను. రబ్బరు ట్రాక్ మీద మళ్ళీ అదే జరుగుతుంది. భానుప్రకాశ్ గారు ఉన్నారు."

"నేను ఆగుతాను లెండి," అన్నాడు భానుప్రకాశ్. "వచ్చే ఏడు పరిగెత్తుతాను. అప్పటికి ఇంకా కుర్రాణ్ణే."

"మీరు ఆగితే ఇతని చెవులు తిరిగొస్తాయా?" అన్నాడు రావు.

అప్పుడు అంబదాస్ అన్నాడు. "సారూ, అందరికంటే ముందు ఉరికేటోని ఎనక ఎవ్వడుంటడు?"

"ఎవడుంటాడు? ఎవడూ ఉండడు."

"మరి ఎవ్వడూ పిలిచేది లేదు గద. మా బావకు మొదటి వంతు ఇయ్యుండ్రి."

మాట తేలిగ్గానే ఉంది. కానీ దాని బరువు పడింది ఎక్కడో సోమలింగానికి తెలుసు. మొదటి వంతు రావుది. జట్టు కట్టిన రోజునుంచీ ఆయనదే. తాను ఆకుపచ్చ జెండా ఊపితే బండి కదిలేదని, ఇప్పుడు తాను కదిలితే పందెం కదులుతుందని, ఆ గీత మీద నిలబడ్డప్పుడు మళ్ళీ ఉద్యోగంలో ఉన్నట్టుంటుందని రావు ఎన్నోసార్లు చెప్పాడు. దాన్ని అడిగి తీసుకోవాలని సోమలింగానికి అనిపించలేదు.

"వద్దు సారూ," అన్నాడు. "గది మీది."

రావు లేచాడు. ప్యాంటుకి అంటిన గడ్డి దులుపుకున్నాడు. దులుపుకోవడం అయిపోయాక కూడా కాసేపు దులుపుకున్నాడు.

"పందెం మొదలెట్టే తుపాకి వినపడుతుందా నీకు?"

"గది చెవితోటి కాదు సారూ, రొమ్ముతోటి ఇనవడ్తది."

"భానుప్రకాశ్ గారూ, అక్కడ రెండు చెక్కలున్నాయి. గీత దగ్గర నిలబడి తుపాకి బదులు వాటిని కొట్టండి." రావు రెండో వంతు మొదలయ్యే మలుపు వైపు నడవసాగాడు. కొంతదూరం పోయి వెనక్కి తిరిగి, మొహం కనిపించేలా నిలబడి అన్నాడు. "పిలిచే పని ఇప్పుడు నీదయ్యా. గట్టిగా పిలువు."

చెక్కలు ఫట్టుమన్నాయి. సోమలింగం రొమ్ములో ఆ దెబ్బ తగిలింది. పరిగెత్తాడు. ఊపిరి వినిపించింది. గుండె వినిపించింది. లోపలి సాంచా ఆగింది. ఎదురుగా రావు వీపు దగ్గరవుతుంటే గొంతు తెరిచి "చెయ్యి!" అన్నాడు. రావు అరచెయ్యి వెనక్కి వచ్చింది. కట్టె అందులో పడింది, ఆ వేళ్ళు దాని మీద మూసుకున్నాయి.

"నీ గొంతు పాండేసర దాకా వినపడిందయ్యా!" అన్నాడు రావు, ఆయాసంతో తిరిగొస్తూ. "ఇక్కడ మేమందరం చెవిటివాళ్ళం అనుకున్నావా?"

అప్పుడు నవ్వారు అందరూ.

మర్నాడు పొద్దున రావు మైదానానికి వస్తే అంబదాస్ గుర్తుపట్టలేదు. గుబురు మీసం పై పెదవి అంచు దాకా కత్తిరించి ఉంది. "మా ఆవిడ కూడా ఎవరో అనుకుంది" అన్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ రోజునుంచి రావు మాటలు సోమలింగానికి పూర్తిగా అందాయి. అందులో సగం అందకపోయినా ఫరవాలేదనిపించింది. అన్నీ సలహాలే.

ఆదివారం మీట్. స్వరాజ్యం పొద్దున్నే కొడుకుని లేపింది. "మీ బాపు ఉరుకుడు ఒక్కసారన్న చూసినవా? నడువ్" అని వెంటబెట్టుకొచ్చింది. రాఘవ మెట్ల మీద తల్లి పక్కన కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. చెవుల ముచ్చట వాడికి ఇంకా చెప్పలేదు. పందెమయ్యాక చెప్తానని సోమలింగం మాటిచ్చాడు.

మొదటి వంతు వాళ్ళని గీత దగ్గరికి పిలిచారు. సోమలింగానికి ట్రాక్ మీద మూడో వరుస దొరికింది. స్టార్టర్ చేతిలో తుపాకి ఉంటుందని చూశాడు. తుపాకి లేదు. ఎర్ర మీట ఉన్న చిన్న డబ్బా ఉంది. దాని తీగలు ఒక్కో వరుస వెనకా పెట్టిన చిన్న స్పీకర్ల దాకా పోయాయి. వీళ్ళకంటే ముందు పరిగెత్తాల్సిన యాభై దాటినవాళ్ళు గీత మీద వంగారు. స్టార్టర్ వేలు మీట నొక్కడం సోమలింగం చూశాడు. ఎనిమిది మందీ ఒక్కసారి లేచిపోయారు.

అతని రొమ్ములో ఏమీ తగల్లేదు. ఏదో సన్నటి కూత అయి ఉంటుంది. పిట్టల కూతలాంటిది. అతని చెవుల్లోంచి అన్నిటికంటే ముందు పోయిన కూత.

ఆ పందెం అయిపోయి వీళ్ళ వంతు వచ్చింది. పక్కవాణ్ణి చూసి కదలొచ్చు. అరక్షణం ఆలస్యమవుతుంది, అంతే. ఎవరికీ తెలియదు. షెడ్డునుంచి ఇక్కడి దాకా బతికింది అలాగే కదా. తలెత్తి చూశాడు. మలుపు దగ్గర రావు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఇటే చూస్తున్నాడు. తన చోటు ఇచ్చేసి అక్కడ నిలబడ్డ మనిషి. ఆయన చేతికి ఆలస్యంగా చేరే కట్టె ఇవ్వడానికి సోమలింగానికి మనసొప్పలేదు.

చెయ్యి పైకెత్తాడు.

స్టార్టర్ దగ్గరికి వచ్చాడు. "క్యా హువా, కాకా?"

"సాబ్, మేరేకు సునాయీ నహీ దేతా," తనకు వినపడదని చెప్పాడు సోమలింగం. షెడ్డు మనిషి గొంతు. మెట్ల మీది చివరి వరస దాకా పోయింది. "ఏ డబ్బా కా ఆవాజ్ నహీ ఆతా. బందూక్ హై క్యా?" డబ్బా కూత అందడం లేదు, తుపాకి ఉందా అని అడిగాడు.

 జనం మొహాలన్నీ ఇటే తిరిగాయి. స్టార్టర్ మిగతా వరసల వైపు చూశాడు. ఐదో వరసలో తెల్లజుట్టు పెద్దాయన, అహ్మదాబాద్ మిల్లులో పనిచేసిన మనిషట, సోమలింగాన్ని రెప్పవేయకుండా చూస్తున్నాడు. ఆయన చెయ్యి నడుము దగ్గర్నుంచి లేచింది. భుజం దాకా వచ్చి ఆగింది. తర్వాత పూర్తిగా పైకి లేచింది. ఆ వెనకే ఏడో వరసలో ఇంకొకాయన సిగ్గుగా నవ్వుతూ తన చెవిని వేలితో తట్టి చూపించాడు.

స్టార్టర్ రిఫరీ దగ్గరికి పరుగెత్తాడు.

మెట్ల మీద రాఘవ లేచి నిలబడి ఉన్నాడు. చేతిలో ఫోను లేదు. తల్లి ఏదో చెప్తోంది. వాడు వినడం లేదు. గబగబా మెట్లు దిగి ట్రాక్ చుట్టూ కట్టిన తాడు దాకా వచ్చేశాడు. అక్కడ ఆగి, తండ్రి మొహంలోకి సూటిగా చూశాడు. కొడుకు అలా ఎదురుగా నిలబడి చూసి ఎన్నేళ్ళయిందో సోమలింగానికి గుర్తులేదు.

రాఘవ పెదవులు కదిలాయి.

'బాపూ.'

ఆ మాట తేలిగ్గానే అందింది.

'గన్నేండ్లు నేను పిలిచినప్పుడల్ల నువ్వు...'

తర్వాతి మాట పెదవుల మీదికి వస్తుండగా, జెండా పట్టుకున్న ఒక అధికారి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. కొడుకు మొహం కనిపించలేదు. సోమలింగం పక్కకు వంగి చూడబోయాడు. భుజం మీద ఎవరిదో చెయ్యి పడింది. అందరూ గీత మీదికి రావాలి. స్టార్టర్ తిరిగి వస్తున్నాడు. అతని చేతిలో ఇప్పుడు ఆ డబ్బా లేదు, తుపాకి ఉంది.